వార్త ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?

(జర్నలిజం విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం భారతదేశంలో మీడియా స్వరూపం. ఈ అంశం మీద ఎవరు మాట్లాడినా అంకెలతో మొదలుపెడతారు. రిజిస్టరైన పత్రికలు లక్షకు పైగా, అనుమతి ఉన్న ఉపగ్రహ టీవీ చానళ్ళు సుమారు 900, అందులో మూడో వంతుకు మించి వార్తా చానళ్ళే. వినడానికి బాగుంటుంది. నేను పత్రిక డెస్క్‌లో పనిచేసినవాణ్ణి. అంకె కనిపిస్తే ముందు దాన్ని గిల్లి చూడటం మాకు అలవాటు. ఆ లక్షలో రోజూ అచ్చయ్యి మనిషి చేతికి చేరేవి ఎన్ని? చాలావాటికి రిజిస్టరులో పేరు తప్ప ఇంకేమీ ఉండదు. కొన్నయితే ప్రభుత్వ ప్రకటన వచ్చిన రోజున ఫైల్లో పెట్టుకోవడానికి సరిపడా కాపీలు అచ్చేసుకుని ఊరుకుంటాయి.

అందుకని ఇవాళ ఎన్ని ఉన్నాయన్న లెక్క పక్కన పెడదాం. వార్త అనేది ఊరికే రాదు. ఒక మనిషి వెళ్ళాలి, నలుగురిని అడగాలి, కాగితాలు చూడాలి, వెనక్కి వచ్చి రాయాలి. పెట్రోలు, ఫోను, రోజు కూలి, కేసు పడితే వకీలు ఫీజు. ఈ ఖర్చు మన దేశంలో ఎవరు భరిస్తున్నారు? నాకు తెలిసినంతలో మన మీడియాను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న లేదు.

పేపరుతో మొదలుపెడతాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి.

పొద్దున మీరు పేపరుకిచ్చే డబ్బులో ఏజెంటు కమిషను, రవాణా పోగా సంస్థకు చేరేదానితో కాగితం ఖర్చు కూడా పూర్తిగా రాదు. మిగతాదంతా ప్రకటనలే పూడ్చాలి. ఈ ముడి సంగతి ప్రభుత్వానికి మొదటి నుంచీ తెలుసు. 1956లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఫలానా ధరకు ఫలానా పేజీలకు మించి ఇవ్వకూడదని దాని కింద 1960లో ఉత్తర్వు వచ్చింది. డబ్బున్న పత్రిక తక్కువ ధరకు ఎక్కువ పేజీలిచ్చి చిన్న పత్రికను తినేయకుండా ఆపాలన్నది పైకి చెప్పిన కారణం. పుణె నుంచి వచ్చే మరాఠీ దినపత్రిక 'సకాళ్' కోర్టుకెళ్ళింది. 1961లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని, ఉత్తర్వును కొట్టేసింది. పేజీలు తగ్గించమన్నా, ధర పెంచమన్నా పాఠకులు తగ్గిపోతారు. ఎంతమందికి చేరాలన్నది కూడా వాక్‌స్వాతంత్ర్యంలో భాగమే. తీర్పు సారాంశం ఇది. మన రాజ్యాంగంలో 'పత్రికా స్వేచ్ఛ' అన్న మాట విడిగా ఎక్కడా లేదని మీకు తెలుసు కదా. 19(1)(ఎ) అధికరణ కింద పౌరుడికున్న భావ ప్రకటన హక్కులోంచే కోర్టులు దాన్ని ఒక్కో కేసులో బయటికి తీశాయి.

తీర్పు సరైనదే. కాకపోతే చిన్న పత్రికల గోడు గోడుగానే మిగిలిపోయింది. 1994లో టైమ్స్ ఆఫ్ ఇండియా ఢిల్లీలో ధర తగ్గించి యుద్ధం మొదలుపెట్టాక ఆ సంగతి బాగా తేలిపోయింది. పేపరంటే చవగ్గా రావాలని పాఠకుడు అలవాటు పడ్డాడు. ఆ అలవాటును మాన్పించడం తర్వాత ఎవరివల్లా కాలేదు. పాఠకుడు ఖర్చులో తన వాటా తగ్గించుకున్నాడంటే, ఆ వాటా వేరొకరికి పోయినట్టే లెక్క. ఆ వేరొకరిలో పెద్దవాడు ప్రభుత్వం. కేంద్రం ఇచ్చే ప్రకటనలు ఒకప్పుడు డీఏవీపీ అనే ప్రభుత్వ విభాగం, ఇప్పుడు సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ ద్వారా వస్తాయి. రాష్ట్రాలకు సమాచార, పౌరసంబంధాల శాఖలున్నాయి. ఎమర్జెన్సీ పెట్టిన 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికల వీధికి కరెంటు తీసేశారు. అంత శ్రమ ఇప్పుడెవరికీ అక్కర్లేదు. ప్రకటనలు ఆపితే చాలు.

ఇక మన తెలుగు సంగతి. 'ఈనాడు' 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది. అప్పటిదాకా ఉత్తరాంధ్రకు పేపరు బయటి నుంచి రావలసిందే, వచ్చేసరికి పొద్దెక్కేది. అక్కడే అచ్చేసి తెల్లారేలోగా ఇంటికి చేర్చడం మొదటి మార్పు. రెండోది తర్వాత వచ్చిన జిల్లా అనుబంధం. దేశంలో మిగతా భాషల పత్రికలు కూడా తర్వాత ఇదే దారి పట్టాయి. జిల్లా పేజీలు ఎందుకొచ్చాయంటే పాఠకుడికి తన ఊరి వార్త కావాలి గనక అని చెబుతారు. నిజమే, కానీ సగమే. రాష్ట్రమంతటా వచ్చే పేజీలో ప్రకటన వేసే స్తోమత ఊళ్ళోని బట్టల కొట్టుకు, ట్యుటోరియల్ కాలేజీకి ఉండదు. తన జిల్లాలోనే వచ్చే పేజీలో అయితే వేయగలడు. అలా ఎంతోమంది చిన్న వ్యాపారులు మొదటిసారి ప్రకటనకర్తలయ్యారు. వార్త ఖర్చులో కొంత వాళ్ళు మోశారు. దాని ఫలితం కూడా కనిపించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడితే ఆ సంగతి మిగతా జిల్లాలకు పాకడంలో పత్రికల పాత్ర చాలా పెద్దది. 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించేదాకా వెళ్ళింది వ్యవహారం. ఊరి విలేకరి లేకపోతే ఆ కథలో సగం బయటికి వచ్చేదే కాదు.

ఇప్పుడు ఆ ఊరి విలేకరి దగ్గర కాసేపు ఆగుదాం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఇక్కడే ఉంది.

1985లో ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు వచ్చాయి. పేపరు కూడా మండలాన్నే లెక్కగా పెట్టుకుంది. మండలానికో కంట్రిబ్యూటరు. అతను సంస్థలో ఉద్యోగి కాడు. నియామక పత్రం ఉండదు, పీఎఫ్ ఉండదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి లైన్ అకౌంట్ అని కొంత వస్తుంది. అది పెట్రోలుకు సరిపోతే అదృష్టం. చాలాచోట్ల యాడ్ టార్గెట్ కూడా అతని మీదే ఉంటుంది. ఆగస్టు 15కి, దసరాకి, సంక్రాంతికి, ఎమ్మెల్యేగారి పుట్టినరోజుకి ఇన్ని యాడ్స్ తేవాలి. తెస్తే కమిషను, అదే అతని అసలు సంపాదన. ఏ సర్పంచి మీద వార్త రాయాలో ఆ సర్పంచి దగ్గరికే శుభాకాంక్షల యాడ్ కోసం వెళ్ళాలి. మీరే అతని స్థానంలో ఉన్నారనుకోండి, ఏం రాస్తారు?

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, దాని కింద జీతాలు నిర్ణయించే వేజ్ బోర్డులు ఉండేవి కదా అంటారు. ఉండేవి, 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చేదాకా. మజీఠియా వేజ్ బోర్డు సిఫార్సులను కేంద్రం 2011లో నోటిఫై చేసింది, యాజమాన్యాలు సవాలు చేస్తే 2014లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. అవన్నీ రోల్స్‌లో ఉన్నవాళ్ళకు. కంట్రిబ్యూటరు రోల్స్‌లోనే లేడు. అతనికి దక్కేది జర్నలిస్టుగా గుర్తిస్తూ ప్రభుత్వమిచ్చే అక్రిడిటేషన్ కార్డు, దానితో బస్సు రాయితీ, ఎప్పటికైనా ఇంటి స్థలం వస్తుందన్న ఆశ. అంటే సంస్థ ఇవ్వని జీతాన్ని ప్రభుత్వం రాయితీల రూపంలో ఇస్తోంది. ఆ ఆశలో కూడా ఒక భాగం 2024 నవంబరులో పోయింది. హైదరాబాద్ పరిధిలో ప్రజాప్రతినిధులు, అధికారులు, జడ్జీలు, జర్నలిస్టుల సొసైటీలకు తక్కువ ధరకు చేసిన భూకేటాయింపులను సుప్రీంకోర్టు రద్దు చేసింది. జర్నలిస్టు మిత్రులు చాలామంది బాధపడ్డారు. నన్నడిగితే తీర్పులో తప్పేమీ లేదు. వార్త రాసేవాడికి స్థలం ఇవ్వాల్సింది అతను ఎవరి మీద వార్త రాయాలో ఆ ప్రభుత్వం కాదు. జీతం ఇవ్వాల్సినవాళ్ళు ఇస్తే ఈ గొడవే ఉండదు.

పెయిడ్ న్యూస్, అంటే డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలా వేయడం కూడా ఈ మట్టిలోంచే మొలిచింది. 2009 ఎన్నికల్లో అభ్యర్థులకు 'ప్యాకేజీలు' అమ్మారన్న ఆరోపణలు దేశమంతా వచ్చాయి. మన దగ్గర వర్కింగ్ జర్నలిస్టుల యూనియనే దాన్ని బయటపెట్టడానికి పూనుకుంది. పత్రికల మంచిచెడ్డలు చూసే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది, పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్ళు పేర్లతో సహా నివేదిక ఇస్తే కౌన్సిల్ పేర్లు లేని క్లుప్త నివేదికను విడుదల చేసి ఊరుకుంది. పూర్తి పాఠం బయటికి రావడానికి కేంద్ర సమాచార కమిషన్ 2011లో ఆదేశించవలసి వచ్చింది. పత్రికల మీద పత్రికల సంస్థ తయారు చేయించుకున్న నివేదికను సమాచార హక్కు చట్టంతో తవ్వి తీయాల్సి వచ్చిందన్న మాట! అదే ఏడాది అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను ఎన్నికల సంఘం అనర్హురాలిగా ప్రకటించింది. వార్తలా కనిపించేలా వేయించుకున్న ప్రకటన ఖర్చును లెక్కల్లో చూపలేదని. కొన్నవారికి శిక్ష పడింది. అమ్మినవారిని అడిగే అధికారం ఎన్నికల సంఘానికి లేదు. ప్రెస్ కౌన్సిల్‌కేమో మందలించడం తప్ప జరిమానా వేసే అధికారం లేదు.

రేడియో గురించి ఎక్కువ చెప్పను. అందులో వార్తల ఖర్చు దాదాపు అంతా ప్రభుత్వానిదే, కథ అక్కడితో అయిపోతుంది. ఒక్క విషయం మాత్రం మీరు గుర్తుపెట్టుకోవాలి. ప్రయివేటు ఎఫ్‌ఎం 2001లో బెంగళూరులో మొదలై ఇప్పుడు వందకు పైగా నగరాల్లో వినిపిస్తోంది. వాటిలో ఒక్కదానికి కూడా సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షల ప్రకటనలు చెప్పొచ్చు, ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు వినిపించొచ్చు. గంటకు పది నిమిషాలైనా సొంత వార్తలకు అవకాశం ఇమ్మని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సిఫార్సు చేసింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న 'సంఘం రేడియో' గురించి వినే ఉంటారు. విత్తనాల గురించి, పంటల గురించి వాళ్ళంత బాగా చెప్పేవాళ్ళు లేరు. తమ ఊరి పంచాయతీ ఎన్నిక వార్తను మాత్రం వాళ్ళు కూడా సొంతంగా చెప్పడానికి వీల్లేదు. 1995లోనే సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అన్నది. ఆ ఆస్తి మీద ఇన్నేళ్ళయినా ప్రజలకు వార్తా హక్కు రాలేదు. పేపరు పెట్టొచ్చు, టీవీ పెట్టొచ్చు, ఫోన్లో ఏమైనా చెప్పొచ్చు, రేడియోలో మాత్రం కుదరదు. దీనికి సరైన కారణం చెప్పినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు.

టీవీ దగ్గరికి వస్తే కథ ఇంకో రకం. 1959లో ఢిల్లీలో మొదలైన దూరదర్శన్‌కు చాలా ఏళ్ళు పెద్దగా ప్రేక్షకులే లేరు. 1975-76లో అమెరికా ఉపగ్రహం అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకు బోధన కార్యక్రమాలు చూపించారు, అందులో మన రాష్ట్రమూ ఉంది. 1982 ఆసియా క్రీడలతో రంగులొచ్చాయి. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్ చూపిస్తుంటే డిష్ పెట్టుకున్న కుర్రాళ్ళు ఇంటి మీంచి ఇంటికి వైర్లు లాగి కేబుల్ ఆపరేటర్లయ్యారు. జీ 1992లో, సన్ 1993లో, జెమిని, ఈటీవీ 1995లో వచ్చాయి. కేబుల్ చట్టం కూడా 1995లోనే వచ్చింది. అంటే వైర్లు ముందు, చట్టం తర్వాత.

వార్తా చానల్‌కు డబ్బు ఎటు పోతుందో తెలుసా? విలేకరుల మీద అనుకుంటారు. చాలా ఏళ్ళు పెద్ద ఖర్చు కేరేజ్ ఫీజు. మా చానల్‌ను మీ కేబుల్లో చూపించండి, ముందు వరసలో పెట్టండి అని ఆపరేటర్లకు ఎదురిచ్చే డబ్బది. వార్తా చానళ్ళు చాలావరకు ఫ్రీ, లేదా నామమాత్రపు ధర. ప్రేక్షకుడి నుంచి వచ్చేది దాదాపు ఏమీ లేదు. కాబట్టి బతుకంతా ప్రకటనల మీద, ప్రకటనలన్నీ రేటింగుల మీద. దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు 2020 నాటి అంచనా ప్రకారం 21 కోట్లు. ఎవరేం చూస్తున్నారో తేల్చే బార్క్ మీటర్లు ఉన్నది సుమారు 55 వేల ఇళ్ళలో. సీరియల్‌కు ఈ శాంపిల్ సరిపోవచ్చు. వంద మందిలో ఇద్దరో ముగ్గురో చూసే వార్తా చానల్‌కు, అదీ ఒక భాషలో, ఒక ప్రాంతంలో అంటే, లెక్క కొన్ని ఇళ్ళ మీదికి వస్తుంది. ఆ కొన్ని ఇళ్ళను కొనేస్తే చాలు. 2020 అక్టోబరులో ముంబయి పోలీసులు సరిగ్గా ఈ ఆరోపణతోనే కేసు పెట్టారు. వార్తా చానళ్ళ రేటింగులను ఆపేసి, 2022 మార్చిలో గానీ మళ్ళీ ఇవ్వలేదు. రేటింగులు లేని ఆ రోజుల్లో చానళ్ళు కాస్త నెమ్మదిస్తాయేమోనని నేను ఆశపడ్డాను. ఏమీ లేదు, అదే కేకలు.

కేకలకు కారణం స్వభావం కాదు, ఖర్చు. స్టూడియోలో ఒక యాంకరు, ఆరు చిన్న కిటికీల్లో ఆరుగురు అతిథులు. వాళ్ళలో చాలామందికి రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు, పార్టీలే పంపిస్తాయి. గంట గడిచిపోతుంది. అదే గంటలో ఒక గ్రామానికి బృందాన్ని పంపి కరువు గురించి చూపించాలంటే బండి, కెమెరా, ఇద్దరు మనుషులు, రెండు రోజులు. ఏ మేనేజరైనా దేనికి సంతకం పెడతాడు? తప్పు చేస్తే చానళ్ళే పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థ వేసే గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. ఆ మొత్తం సరిపోతుందా అని 2023లో సుప్రీంకోర్టే అడిగింది.

నష్టం వస్తున్నా చానళ్ళు ఎందుకు నడుస్తున్నాయని మీకు అనుమానం రావాలి. రాకపోతే మీరు ఈ వృత్తికి పనికిరారు. చానల్ లాభం వేరేచోట ఉంటుంది. రియల్ ఎస్టేట్‌లో, కాంట్రాక్టుల్లో, ఎన్నికల టికెట్లలో. రాజకీయ పార్టీలకు, ప్రభుత్వాలకు ప్రసార సంస్థలు ఉండకూడదని ట్రాయ్ ఒకటికి రెండుసార్లు సిఫార్సు చేసింది. ఆ సిఫార్సును అమలు చేయాల్సింది పార్టీలే. పైస్థాయిలో చూస్తే నెట్‌వర్క్18 2014లో రిలయన్స్ చేతికి వెళ్ళింది, ఎన్డీటీవీ 2022 చివర్లో అదానీ చేతికి, 2024 నవంబరులో డిస్నీ ఇండియా వ్యాపారం రిలయన్స్‌తో కలిసింది. ఇంత పెద్ద సంస్థలకు వార్తల మీద వచ్చే ఆదాయం ఒక లెక్క కాదు. అందుకే, ఆదాయం కోసం కాకపోతే మరి దేనికోసం అని విడిగా అడగాలి.

ఖర్చును నిజాయితీగా పంచుకున్న ఏర్పాటు ఒకటుంది, పత్రికలకు వార్తలందించే ఏజెన్సీ పీటీఐ. 1947లో మద్రాసులో రిజిస్టరై 1949లో పని మొదలుపెట్టింది. యజమానులు పత్రికలే, లాభం పంచుకోవడం లేదు. మారుమూల జరిగిన సంగతికి ఒక్క విలేకరి వెళితే వందల పత్రికలకు చేరుతుంది. మన డెస్కుల్లో రాత్రి షిఫ్టులో తెలుగు చేసే జాతీయ వార్తల్లో పెద్ద భాగం అదే. 2020 అక్టోబరులో ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతి దాని చందా మానేసింది. కారణాల గురించి మీరే చదువుకోండి.

ఇక ఫోను. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, వార్త ఉచితమైంది. 2024లో డిజిటల్ ఆదాయం మొదటిసారి టీవీని దాటిందని పరిశ్రమ నివేదిక. ఆ డబ్బులో సింహభాగం వార్త రాసినవాళ్ళకు కాదు, వేదిక నడిపే రెండు విదేశీ కంపెనీలకు వెళుతుంది. మైకు మీద లోగో అంటించుకుని ప్రెస్‌మీట్‌లో నిలబడే యూట్యూబ్ చానల్ కుర్రాణ్ణి చూసి సీనియర్లు నవ్వుతారు. నేను నవ్వను. పాత కంట్రిబ్యూటరే అతను. మధ్యలో సంస్థ పోయింది, అంతే. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో ముకేశ్ చంద్రాకర్ శవం సెప్టిక్ ట్యాంకులో దొరికింది. స్వతంత్ర జర్నలిస్టు, సొంత యూట్యూబ్ చానల్ నడిపేవాడు, పెద్ద చానళ్ళకు వార్తలిచ్చేవాడు. రోడ్డు పనుల్లో అక్రమాల మీద ఇచ్చిన వార్త తర్వాత జరిగిందిది, కాంట్రాక్టరు అరెస్టయ్యాడు. బీజాపూర్ ఉన్న బస్తర్ ప్రాంతం గురించి ఢిల్లీ స్టూడియోల్లో చర్చలు ఎన్నో జరుగుతాయి. వాటికి కావలసిన ముడిసరుకు ఇలాంటివాళ్ళు తెచ్చిస్తారు, ఖర్చు కూడా వాళ్ళే పెట్టుకుంటారు.

ప్రభుత్వాలు ఇక్కడికీ వచ్చేశాయి. ఉత్తరప్రదేశ్ 2024 ఆగస్టులో ఒక విధానం తెచ్చింది. ప్రభుత్వ పథకాల మీద వీడియోలు చేసే యూట్యూబర్లకు నెలకు 8 లక్షల దాకా ఇస్తారట. పాఠకుడే చందా కట్టి చదివే సైట్లు ఇంగ్లీషులో, హిందీలో కొన్ని నిలబడ్డాయి, బుందేల్‌ఖండ్‌లో గ్రామీణ మహిళలు 2002లో పత్రికగా మొదలుపెట్టిన 'ఖబర్ లహరియా' ఇప్పుడు ఫోన్లోకి మారి నడుస్తోంది. తెలుగులో చందాతో వార్త అమ్మిన ప్రయత్నం ఇంకా గట్టిగా జరగలేదనే నా అభిప్రాయం. ఇంత మంది చదివే భాషలో ఇది సిగ్గుపడాల్సిన విషయం.

నాకిచ్చిన సమయం అయిపోయింది. వెనక వరసలో ఒకరు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు, అడగండి.

(ఊళ్ళో వార్తల కోసం యూట్యూబ్ చానల్ పెట్టాలంటే రిజిస్ట్రేషన్ కావాలా అని ఒక విద్యార్థిని అడిగారు.)

పత్రికకు కావాలి, 1867 నాటి చట్టం పోయి 2024 మార్చి నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్లోనే. యూట్యూబ్ చానల్ ఆ చట్టం కిందికి రాదమ్మా. క్రమంగా వార్తలిచ్చేవాళ్ళకు 2021 నాటి ఐటీ నియమాలు వర్తిస్తాయి, వివరాలు కేంద్ర సమాచార శాఖకు ఇవ్వాలి. వాటిలో కొన్ని భాగాల మీద బొంబాయి హైకోర్టు స్టే ఉంది కాబట్టి మొదలుపెట్టే ముందు ఒక వకీలుని కలవండి. అక్రిడిటేషన్ కార్డు వేరే సంగతి, అది రాష్ట్రం చేతిలో ఉంది, నిబంధనలు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటాయి. ఇంకోటి, ఫిర్యాదులు తీసుకునే అధికారిగా ఒకరి పేరు పెట్టాలని ఆ నియమాల్లో రాసి ఉంది, పదిహేను రోజుల్లో జవాబివ్వాలట. ఇద్దరే ఉన్న చానల్లో ఆ అధికారి ఎవరని మొన్న ఒకరిని అడిగితే, కెమెరా పట్టుకున్నవాడేనండీ అన్నారు.